అంబుజ మేడం ఐదు వేళ్ళు

అంబుజ మేడంకు ఔను, కాదు అనే రెండు మాటలంటే గిట్టదు. లోకంలో ఏ ప్రశ్నకైనా జవాబులు ఐదు ఉంటాయనీ, రెండే ఉన్నాయనుకునేవాళ్ళు తొందరపాటు మనుషులనీ ఆమె నమ్మకం. పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, చెప్పలేను, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను. ఇవీ ఆ ఐదు. అడిగినప్పుడు మీరు మరిచిపోతారేమోనని తన కుడిచెయ్యి చాపి మీ ముందు పెడుతుంది. బొటనవేలు పట్టుకుంటే పూర్తిగా ఒప్పుకున్నట్టు, చిటికెనవేలు పట్టుకుంటే అస్సలు ఒప్పుకోనట్టు. మిగిలిన మూడూ ఆ వరసలోనే. మీరు ఏదో ఒక వేలు పట్టుకునే దాకా ఆ చెయ్యి వెనక్కు పోదు. వాన రాకపోవచ్చు, కరెంటు రాకపోవచ్చు, పావగడకు బస్సు రాకపోవచ్చు, ఆ చెయ్యి మాత్రం మీ ముందు ఉంటుంది.

సౌభాగ్యకు ఈ సంగతి నర్సింగ్ కాలేజీలో చేరిన రోజే తెలిసింది. రాయచెర్లు నుంచి షేరాటోలో వచ్చి, దుమ్ము దులుపుకుని క్లాసులో అడుగుపెట్టగానే ఒక పొడుగాటి ఆడమనిషి ఎదురొచ్చి, "ఈ కాలేజీ నీకు నచ్చింది అనే మాటతో నువ్వు ఏకీభవిస్తావా?" అని చెయ్యి చాపింది. సౌభాగ్య ఆ చేతిని చూసింది. చెయ్యి చాపిందంటే ఏదో అడుగుతోందనుకుని తన పెన్ను తీసి అందులో పెట్టింది.

"పెన్ను కాదమ్మా. వేలు పట్టుకో."

"ఏ వేలు మేడం?"

"అది నువ్వే చెప్పల్ల."

సౌభాగ్య భయపడి అన్నిటికంటే పొడుగ్గా కనబడిన నడిమి వేలు పట్టుకుంది. అంటే చెప్పలేను అని. ఆ తరువాత ఏది అడిగినా ఆ పిల్ల నడిమి వేలే. ఇంట్లో కూడా ఆ పిల్లది "ఏమో" అనే మాట ఒక్కటే. అన్నం పెట్టుకుంటావా అంటే ఏమో, నిద్రొస్తోందా అంటే ఏమో. మేడం ఒకసారి విసుగెత్తి, "నా చేతికి ఉండేది ఒకటే వేలు అనుకుంటాండావా ఏమి?" అని అడిగింది. "ఏమో మేడం" అంది సౌభాగ్య.

కాలేజీ క్యాంటీన్ నడిపే చిక్కన్న మొదట్లో ఏమీ తెలియక ఉప్మా పెట్టి, "మేడం, ఉప్పిట్టు బాగుండాదా?" అని అడిగి ఇరుక్కుపోయాడు. మేడం నోరు తెరవలేదు. నాలుగు వేళ్ళు ముడిచి ఉంగరం వేలు ఒక్కటే పైకెత్తి చూపించింది. తతంగం తెలిసిన పిల్లలు, ఒప్పుకోవడం లేదని అర్థం చెప్పారు.

"ఒప్పుకోకపోతే ఏంది మేడం, ప్లేటు ఖాళీ చేసినారు కదా?"

"తినేది వేరే చిక్కన్నా, ఒప్పుకునేది వేరే."

చిక్కన్న ఆ రాత్రి దాని గురించి చాలా ఆలోచించినట్టున్నాడు. మరుసటి రోజు నుంచి తనంతట తానే, "ఈ పొద్దు ఉప్పిట్టు చిటికెనవేలు మేడం, దోసె తినండి" అని చెప్పేయడం మొదలుపెట్టాడు. తన వంటకు తానే ఇంత నిజాయితీగా మార్కులు వేసుకునే క్యాంటీన్ జిల్లాలో ఇంకొకటి లేదు.

ఆటో రామాంజి కథ వేరు. ఆటో గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే వెనక సీట్లో ఉన్న మేడం, "రామాంజీ, నువ్వు బండి నిదానంగా తోల్తావు అనే మాటతో ఏకీభవిస్తావా?" అని అతని భుజం మీదుగా చెయ్యి చాపింది. మేడం అడిగితే పట్టుకోకపోవడం మర్యాద కాదు. రామాంజి హ్యాండిల్ వదిలేసి, "బొటనవేలు మేడం, బొటనవేలు!" అంటూ వెనక్కు తిరిగి వేలు పట్టుకున్నాడు. ఆటో నేరుగా రోడ్డు దిగి శనక్కాయ చేనులోకి పోయి నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. దుమ్ము అణిగాక మేడం చెయ్యి ఇంకా అక్కడే ఉంది. "ఇప్పుడు చెప్పు" అంది. రామాంజి నోరు మూసుకుని చిటికెనవేలికి మారిపోయాడు.

మేడం వాళ్ళది బజారులో కిరాణా అంగడి. అన్న సీతారామ్ దాన్ని చూసుకుంటాడు. "మా ఇంట్లో తక్కెడ లేకుండా ఏదీ బయటికి పోదు. నేను బియ్యం తూస్తా, మా చెల్లెలు మాటలు తూస్తాది" అని అతను వచ్చినవాళ్ళకు చెబుతుంటాడు. ఆమెకు పెళ్ళి ఎందుకు కాలేదో కూడా అతనే చెబుతాడు, నవ్వుతూ కొంత, నిట్టూర్పుతో కొంత. మడకశిర నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. కాఫీలు అయ్యాయి. పిల్లా పిల్లవాడూ ఏమైనా మాట్లాడుకోవాలంటే మాట్లాడుకోండి అన్నారు పెద్దలు. అంబుజ లేచి పోయి అందరి ముందూ అతని ఎదుట చెయ్యి చాపి, "పెళ్ళయినాక గూడా నేను ఉద్యోగం చేసేది మీకు ఇష్టమే అనే మాటతో ఏకీభవిస్తారా?" అని అడిగింది. పిల్లవాడు సిగ్గుతో కందగడ్డ అయిపోయి, అంత పబ్లిగ్గా ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడమా అని వాళ్ళమ్మ వైపు చూసి, ఆమె తల ఊపితే నడిమి వేలు పట్టుకున్నాడు. "నా ఉద్యోగం సంగతే చెప్పలేనోడు రేపు ఇంకేం చెప్తాడు?" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళివాళ్ళు ఇప్పటికీ ఆ అంగడి ముందుగా పోరట.

ఇలాంటి మనిషికి పరిశోధన చేసే అవకాశం దొరికితే ఏమవుతుంది? అదే అయింది. నర్సింగ్ చదివే పిల్లలు ఆధ్యాత్మిక సంరక్షణ గురించి ఏమనుకుంటున్నారో కొలవాలని మేడం పూనుకుంది. మందూ సూదీ కాకుండా, రోగి మనసుకు కావలసిన ధైర్యం, నమ్మకం, తోడు, ఇవి నర్సు ఇవ్వగలదా లేదా అని పిల్లల అభిప్రాయం. ఊరు కర్ణాటకలోది కాబట్టి ఒక్కొక్క వాక్యం కన్నడంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, అప్పటికీ మొహాలు అలాగే ఉంటే తెలుగులో ఒకసారి చదివేది.

"దేవుణ్ణి నమ్మని రోగికి ఆధ్యాత్మిక సంరక్షణ అక్కర్లేదు."

క్లాసు క్లాసంతా బొటనవేళ్ళు లేపింది.

"దేవుణ్ణి నమ్మని రోగికి గూడా ఆధ్యాత్మిక సంరక్షణ కావల్ల."

మళ్ళీ అన్నీ బొటనవేళ్ళే. సౌభాగ్యది ఒక్కటే నడిమి వేలు.

"రెండింటికీ ఎట్ల ఒప్పుకుంటారే?" అంది మేడం.

క్లాసులో చురుకైన పిల్ల స్ఫూర్తి లేచి, "ఒప్పుకోకుంటే మీరు బాధపడతారని మేడం" అంది.

పిల్లల్ని వార్డుకు తీసుకుపోతే తెలుస్తుందేమో అని మేడం వాళ్ళని కాలేజీకి ఎదురుగా ఉన్న ఆస్పత్రికి పంపింది. వార్డు సిస్టర్ యశోదమ్మ వద్దు వద్దన్నా వినలేదు. స్ఫూర్తి ఒకాయన మంచం దగ్గర కూర్చుని ఫోనులో భజనలు పెట్టి, సగం మధ్యాహ్నం ఆయనకు వినిపించి గర్వంగా వచ్చింది.

"నీ సేవ నచ్చింది అనే మాటకు ఆయన ఏం పట్టుకున్నాడు?"

"బొటనవేలు మేడం. కళ్ళు మూసుకుని తల ఊపినాడు."

"ఆయనకు చెవి ఆపరేషన్ అయిందమ్మా" అంది యశోదమ్మ. "రెండు చెవుల్లో దూది ఉండాది."

మేడం మాత్రం ఎవరు నవ్వినా పట్టించుకునేది కాదు. క్లాసులు అయిపోయాక రోజూ తాను కూడా వార్డులోకి పోయి మంచం మంచం దగ్గరా నిలబడి చెయ్యి చాపేది. "రాత్రి నిద్ర పట్టింది అనే మాటతో ఏకీభవిస్తారా?" "ఈ పొద్దు నిన్నటికన్నా మేలు అనే మాటతో?" రోగులు ఏదో ఒక వేలు పట్టుకునేవాళ్ళు. పరిశోధన లెక్కలు తేలక పాపం ఇంత తిప్పలు పడుతోందని సౌభాగ్య జాలిపడేది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున ఆ వార్డులోకే సౌభాగ్య తాత కదిరయ్యను తెచ్చి పడుకోబెట్టారు.

కదిరయ్య భూమంతా సోలార్ పార్కు కిందికి పోయింది. ఇప్పుడు ఆ పలకల సందుల్లో, కంచెల వెంబడి గొర్రెలు మేపుకుంటాడు. కంచె తీగ ఒకటి చెప్పులోంచి దిగి కాలికి గుచ్చుకుంది. సుగర్ ఉన్న మనిషి కాబట్టి నొప్పి తెలియలేదు, తెలిసేసరికి రెండు వేళ్ళు నల్లబడిపోయాయి. డాక్టర్ అమరనాథ్ చూసి, "ఈ రోజే ఆ రెండు వేళ్ళు తీసేయాలి. సాయంత్రం దాటితే పాదం మీదికి వస్తుంది, అప్పుడు కాలు దక్కదు" అన్నాడు.

వేలిముద్ర వెయ్యమని కాగితం పెడితే కదిరయ్య చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు. వద్దంటావా అంటే అదీ అనలేదు. కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఈ ముసిలోడు గొర్రెలకు నూరు మాటలు చెప్తాడు, మనుసులకు ఒక్కటి చెప్పడు" అని ఆయన భార్య భాగీరథమ్మ తల కొట్టుకుంది. కొడుకు బతిమాలి, కోప్పడి, బయటికి పోయి బీడీ వెలిగించాడు. డాక్టర్ రెండుసార్లు వచ్చి పోయాడు. సౌభాగ్య యూనిఫాంలో తాత పక్కన నిలబడి, "తాతా, వేలిముద్ర వెయ్యి తాతా" అంది. ఏడుపు వస్తే వరండాలోకి పరుగెత్తింది.

అక్కడ మేడం ఎదురైంది. సంగతంతా విని మెల్లగా చెయ్యి చాపింది. "నీకు భయంగా ఉండాది అనే మాటతో..."

సౌభాగ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఈ టైంలో గూడా మీకు కొలతేనా మేడం?"

మేడం మొహం చిన్నబోయింది. ఎన్నడూ లేనిది, ఏ వేలూ పట్టుకోకముందే చెయ్యి వెనక్కు తీసుకుంది. వార్డులోకి వెళ్ళిపోయింది. సౌభాగ్య కళ్ళు తుడుచుకుని వెనకే పోయింది.

మేడం అప్పటికే కదిరయ్య మంచం దగ్గర చేరి చెయ్యి చాపింది. "పెద్దాయనా, ఈ ఆపరేషన్ చేయించుకునేది మీకు ఇష్టమే అనే మాటతో ఏకీభవిస్తారా?" అని, ఐదు వేళ్ళ సంగతి ఓపిగ్గా చెప్పింది.

కదిరయ్య తల తిప్పి ఆ చేతిని చూశాడు. తన కాలిని చూసుకున్నాడు. "నాకుండే వేళ్ళలోనే రెండు తీసేస్తామంటాండారు. నీకు ఐదూ దిట్టంగా ఉండాయి. నీతో నాకేం పందెం తల్లీ?" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. మేడం నవ్వలేదు, చెయ్యీ తీయలేదు. అట్లాగే నిలబడింది. యశోదమ్మ బీపీ చూడటానికి వచ్చి ఆ చేతి కింద నుంచి వంగి పోయింది. భాగీరథమ్మ గోడకు ఆనుకుని కునుకు తీసింది. భోజనాల బండి వచ్చింది, పోయింది. డాక్టర్ తలుపులోంచి తొంగి చూసి, "ఏమంటాడు?" అన్నాడు. "ఇంకా పట్టుకోలేదు డాక్టర్" అంది మేడం. చెయ్యి వణకడం మొదలైతే ఎడమచేత్తో మోచెయ్యి కింద పట్టుకుంది. సౌభాగ్యకు సిగ్గుగానూ ఉంది, లోపల కాలిపోతున్నట్టుగానూ ఉంది. పొద్దు కిటికీ దాటుతోంది, తాత కాలి పుండు ఆగదు, ఈమె చూస్తే కదలదు.

కదిరయ్య ఓరకంట చూశాడు.

"ఎంతసేపు పెట్టుకుంటావమ్మా?"

"మీకు తోచినంతసేపు."

"నొయ్యలేదా?"

"నొస్తాది."

"నొస్తే తీసెయ్యి."

"మీరు ఏదో ఒకటి చెప్పకముందే ఎట్ల తీసేది పెద్దాయనా?"

కదిరయ్య మోచేతి మీద లేచి కూర్చున్నాడు. "మా మారెమ్మకు పొట్టేలును ఇచ్చేటప్పుడు ఏం చేస్తారో తెలుసా నీకు? దాని మీద నీళ్ళు చల్లి నిలబడతారు. అది ఒళ్ళు ఇదిలించి నీళ్ళు దులుపుకుంటేనే ఒప్పుకున్నట్టు. ఇదిలించే దాకా ఎంత పెద్దమనిసైనా కత్తి ఎత్తేకి లేదు. ఒగోసారి పొద్దు నెత్తికెక్కుతాది. ఊరంతా నిలబడతాది. కోసేటోనికి తొందర ఉండొచ్చు, పొట్టేలుకు ఏం తొందర? ఈడ చూస్తే, వచ్చినప్పట్నుంచి ఈడ ఒత్తు, ఆడ ఒత్తు అంటాండారు. నా పొట్టేలుకు ఉండే మర్యాద నాకు లేదా?"

మేడం చాపిన చెయ్యి అప్పుడు దించింది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఐదు వేళ్ళలో ఎక్కడ ఇరికించాలో ఆమెకే తోచినట్టు లేదు. తరువాత చాలా గంభీరంగా అడిగింది:

"అయితే నీళ్ళు చల్లమంటారా?"

కదిరయ్య ఆమెను కిందినుంచి మీదికి చూశాడు. ఎగతాళి చేస్తోందేమోనని వెతికాడు. దొరకలేదు. "చల్లు" అన్నాడు.

మేడం మంచం పక్కనున్న సీసా మూత తీసి, అరచేతిలో నీళ్ళు పోసుకుని ఆయన నెత్తిన చల్లింది. నీళ్ళు ముఖం మీద కారుతుండగా కదిరయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. భాగీరథమ్మ ఉలిక్కిపడి లేచి, "ఏందిది, పోయినాడా?" అని అరిచింది. సంగతి తెలిశాక, "ఇదిలించు ముసిలోడా, తడిస్తే జలుబు చేస్తాది!" అంది. అంతలో డాక్టర్ అమరనాథ్ విసవిసా లోపలికి వచ్చాడు. "ఏమి జరుగుతోంది ఇక్కడ?"

"ష్ష్" అంది యశోదమ్మ. "పెద్దాయన ఇంకా ఇదిలించలేదు సార్."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, అందరూ నిలబడి ఉన్నారని తానూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బహుశా ఆయన ఆ వార్డులో ఊరికే నిలబడటం అదే మొదటిసారి.

సౌభాగ్య అప్పుడు మంచం దగ్గరికి జరిగింది. "తాతా, నువ్వు ఇదిలించకుంటే ఎవరూ కత్తి పట్టరు. నీ ఇష్టం. నాకైతే భయంగా ఉండాది తాతా. చానా భయంగా ఉండాది. నువ్వు మళ్ళా గొర్రెల ఎనకాల నడిచి ఇంటికి రావల్ల."

కదిరయ్య కళ్ళు తెరిచాడు. "నీకు మాటలు గూడా వస్తాయా పాపా?" అని ఆశ్చర్యపోయి, డాక్టరు వైపు తిరిగాడు. "అయ్యా, రెండు వేళ్ళు పోతే గొర్రెల ఎనకాల పోగలనా?"

"పుండు మానితే, మంచి చెప్పులు వేసుకుంటే పోవచ్చు. పొద్దున చెప్పినాను కదా!"

"చెప్పినావు లేప్పా. నేను వినే దాకా నిలబళ్ళేదు."

డాక్టర్ తల ఊపాడు. కదిరయ్య కిటికీలోంచి ఒకసారి బయటికి చూశాడు. తరువాత గట్టిగా ఊపిరి పీల్చి, మెడా భుజాలూ కలిపి ఒక్క విదిలింపు విదిలించాడు. ముదురు పొట్టేలు కూడా అంత బాగా విదిలించదు. నీటిచుక్కలు ఎగిరి డాక్టరు కళ్ళద్దాల మీద, యశోదమ్మ టోపీ మీద, భాగీరథమ్మ ముక్కు మీద పడ్డాయి. వార్డంతా చప్పట్లు కొట్టింది. చెవుల్లో దూది ఉన్నాయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

"సరే, ఇది కేస్ షీట్లో ఎట్లా రాసేది?" అన్నాడు డాక్టర్ అద్దాలు తుడుచుకుంటూ. కదిరయ్య తానే కాగితం లాక్కుని వేలిముద్ర వేశాడు.

ఆపరేషన్ థియేటర్ బయట బల్ల మీద సౌభాగ్య కూర్చుంటే పక్కన యశోదమ్మ వచ్చి కూర్చుంది.

"సిస్టర్, మా మేడం మా తాత జవాబు లెక్కలో ఎట్ల వేసుకుంటాదో" అంది సౌభాగ్య, నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో.

"ఏం లెక్క? ఆ పరిశోధన మీ క్లాసు పిల్లల మీద. రోగులు అందులో లేనే లేరు."

"మరి రోజూ వార్డులో అందర్నీ అడుగుతాది?"

"అడుగుతాది. రాసుకునేది ఎప్పుడన్నా చూసినావా?"

సౌభాగ్య గుర్తు చేసుకుంది. వార్డులో మేడం చేతిలో కాగితం గానీ పెన్ను గానీ చూసిన జ్ఞాపకం లేదు.

"మీ మేడం ఈ ఆస్పత్రికి వచ్చిన కొత్తల్లో ఒక ముసలామె ఒంటరిగా ఏడుస్తుంటే పోయి చెయ్యి పట్టుకునింది. ఆమె చటుక్కున లాక్కుని, నాకేమైంది, నేనేమన్నా చస్తాండానా అనింది. మన పక్క మనుసులు ఊరికే చెయ్యి ఇస్తారా పిల్లా? మగోళ్ళు అయితే అసలే ఇయ్యరు. అదే పరీక్ష అను, బీపీకి ఇచ్చినట్టు ఇచ్చేస్తారు. అప్పట్నుంచి ఈ వేళ్ళ యవ్వారం పెట్టింది. పట్టుకునేది ఏ వేలైనా, పట్టుకుంటారు కదా." యశోదమ్మ గొంతు తగ్గించింది. "యాడా చెప్పొద్దు. తెలిస్తే మళ్ళా ఒక్కరూ పట్టుకోరు."

సౌభాగ్యకు వరండాలో తాను అన్న మాట గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి పోయి, కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న మేడం ముందు నిలబడింది. "మేడం, ఇందాక మీరు అడిగినారే, భయంగా ఉండాదా అని. ఉండాది మేడం" అంది. మేడం తడిచెయ్యి ఆ పిల్ల తల మీద పెట్టి, "తెలుసు" అంది.

పొద్దు గుంకే వేళకు కదిరయ్యను బయటికి తెచ్చారు. రెండు వేళ్ళు పోయాయి, కాలు దక్కింది. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. అయినా ఆ మనిషి గొర్రెల్ని తోలారా లేదా అని అడిగాడు. భాగీరథమ్మ తోలినారులే అన్నాక, "ఆ కొలతలమ్మ యాడ?" అన్నాడు.

మేడం దగ్గరికి వచ్చి అలవాటుగా చెయ్యి చాపింది. "నొప్పి ఓర్చుకునేంతగానే ఉండాది అనే మాటతో ఏకీభవిస్తారా పెద్దాయనా?"

కదిరయ్య ఆ చేతిని రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు. ఐదు వేళ్ళూ కలిపి.

"ఒక్కటే పట్టుకోవల్ల."

"అన్నీ పట్టుకుంటా. ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు, ఆ చేతిని గుండె మీదికి లాక్కుని నిద్రలోకి జారిపోయాడు.

మేడం మెల్లగా లాగి చూసింది. గొర్రెను పట్టి నిలిపే చేతులవి, ఊడి రావు. బయట రామాంజి ఆటో హారన్ కొడుతున్నాడు. డాక్టర్ అమరనాథ్ వచ్చి కాలి కట్టు చూసి, అటు తిరిగి, "మేడం, ఏ వేలు పట్టుకున్నాడు?" అని అడిగాడు.

"ఇంకా తేల్చుకోలేదు డాక్టర్" అంది మేడం. "ఆటోను పొమ్మనండి. నేనుంటా."

సౌభాగ్య స్టూలు తెచ్చి ఆమె వెనక వేసింది.